గుమ్మం మీద పడవచెక్క

నడినెత్తి సూర్యుడి కింద కాటుకకొండ ధగధగ మెరుస్తోంది. ఆ కొండ కొసన మాంత్రికుడు అంజనకేతుడి కోట. ఇంద్రనీలాలు తాపడం చేసిన బురుజులు, ప్రతి బురుజు మీదా నోరు తెరిచిన, రెక్కల సింహంలాంటి రాతి యాళి, యాళుల నోళ్ళలోంచి ఎడతెగకుండా జారే పచ్చని పొగ, ఆ పొగలోనే పూసి ఆ పొగలోనే వాడిపోయే మాయాలతలు. ఆహా ఎంత సొగసు అనుకుంటూ దగ్గరికి వెళ్ళినవాళ్ళంతా యాళులై అవే బురుజుల మీద కూర్చున్నారని కొండ కింది పల్లెల్లో చెప్పుకుంటారు.

ఆ దారిన ఒక పక్షివైద్యుడు చెమటలు కక్కుకుంటూ ఎక్కుతున్నాడు. తలకు కాషాయపు పాగా, భుజాన మూలికల జోలె, గడ్డానికి అంటించుకున్న మేకవెంట్రుకలు. ఆ గడ్డం దురద పెట్టి చంపుతోంది. మనిషి పేరు గవ్వన్న. పేరు విని అరచేతిలో ఇమిడేవాడనుకునేరు. శిలావతి రాజ్యపు సరిహద్దు దళంలో అతను వంగకుండా దూరగలిగిన గుడారం ఒక్కటీ లేదు.

దళంలో ఉన్నాడు గానీ గవ్వన్న శిలావతివాడు కాడు. అతని ఊరు నీలిలంక. ఒకనాడు సముద్రం లేచి ఆ లంకను మింగేసింది. దొరికిన పడవెక్కి శిలావతి తీరాన దిగినవాళ్ళలో తల్లి కొంగు పట్టుకున్న పసివాడు గవ్వన్న కూడా ఉన్నాడు. ఎవరి అనుమతీ అడగలేదు. మునిగిపోయేవాడికి అనుమతి అడిగే తీరికెక్కడిది!

శిలావతి ప్రజలు చెడ్డవాళ్ళు కారు. గంజి పోశారు, గుడ్డలిచ్చారు. కానీ ఆ రాజ్యంలో ఒక కట్టడి ఉంది. రాజముద్ర పొందిన కుటుంబమే ఇంటికి ద్వారబంధం నిలబెట్టుకోవాలి. ముద్ర లేనివాళ్ళ గుడిసెకు గడప ఉండకూడదు, తలుపు ఉండకూడదు. గోనెపట్టా వేలాడదీసుకోవాలి. గాలికి పట్టా లేచిందంటే కుక్క వచ్చినా, తలారి వచ్చినా ఆగమనే హక్కు లేదు. ఊరు వాళ్ళకు పెట్టిన పేరు ‘గడప లేనివాళ్ళు’. అయితే ఆ ఇంట్లో ఒకరు పుష్కరకాలం రాజసేవ చేస్తే, ఆస్థాన వడ్రంగి స్వయంగా వచ్చి గుమ్మం నిలబెడతాడు. రాణిగారు పసుపు కుంకుమ పంపుతారు. ఆనాటి నుంచి వాళ్ళు ఆ రాజ్యపు మనుషులు.

గవ్వన్న సేవ ముగింపుకొచ్చింది. మిగిలింది ఈ ఒక్క పని. అంజనకేతుడు ఎత్తుకుపోయిన మేఘశంఖాన్ని తిరిగి తేవాలి. శిలావతి మట్టి మీద నిలబడి దాన్ని ఊదితే తప్ప అక్కడ చినుకు రాలదు. ఏరు ఎండి ఇసుక తేలింది, పశువులు డొక్కలెగరేస్తున్నాయి.

"శంఖం తెచ్చిన పూటే నీ తల్లికి గడప," అన్నాడు దళవాయి కంఠీరవుడు, అతన్ని సాగనంపుతూ. మనిషి కరకు, మాట నికరం. "ఒక్కటి మాత్రం మరువకు గవ్వన్నా. సేవలో ఉన్నవాడు ముద్ర లేని పరాయివాణ్ణి సరిహద్దు దాటించాడా, అంతవరకూ చేసిన సేవంతా గంగలో కలిసినట్టే. అది నేను రాసిన శాసనం కాదు. కానీ కాపలా నాది."

గవ్వన్న తల్లి పగడమ్మ తలకింద పెట్టుకునే చెక్కను తడుముకుంటూ కూర్చుంది. ఆ చెక్క కథ చెప్పకపోతే ఈ కథ ముందుకు నడవదు.

నీలిలంకలో ఇళ్ళ గుమ్మాలన్నిటికీ పైపట్టె పడవచెక్కే. ఇంటిల్లిపాదినీ పోషించి ముసలిదైన పడవను విప్పి, దాని మంచి చెక్క ఒకటి గుమ్మం మీద పెట్టుకునేవారు. బయటికి వెళ్ళేటప్పుడు చెయ్యెత్తి రెండు వేళ్ళతో తట్టి "పడవా, పోయొస్తా" అనాలి. తిరిగొచ్చాక మళ్ళీ తట్టి "పడవా, వచ్చాను" అనాలి. చెయ్యి అందని పిల్లల్ని తండ్రులు ఎత్తుకుని తట్టించేవారు. సాయంకాలం పడవలు రేవుకి చేరాయంటే వీధి పొడుగునా టక్ టక్, టక్ టక్ అని వినిపించేది. ఆ చప్పుడు ఆగాక గానీ ఆడవాళ్ళు అన్నాలు వడ్డించేవారు కాదు. ఇంకా ఒక్క ఇంటి గుమ్మం పలకలేదంటే వీధి వీధంతా ఎదురుచూసేది.

లంక మునిగిన రోజున అందరూ నగలూ గిన్నెలూ మూటగట్టుకుంటుంటే, పగడమ్మ గొడ్డలితో గుమ్మం మీది చెక్కను ఊడబీక్కుని పడవెక్కింది. ఇప్పుడామెకు చూపు సన్నగిల్లింది. పొద్దుటి వెలుగూ దీపం వెలుగూ ఒకటే అయిపోయాయి. "నా చూపున్నప్పుడే దీన్ని గుమ్మం మీద చూస్తానంటావా గవ్వా?" అని ఎప్పుడో ఒకసారి అడిగింది. మళ్ళీ అడగలేదు. ఆ అడగకపోవడమే గవ్వన్నను కాటుకకొండ ఎక్కించింది.

కొండ ఊరికే ఎక్కనిచ్చిందా? నాగతీగ ఒకటి కాలికి చుట్టుకుని లోయలోకి ఈడ్చింది. గవ్వన్న జోలెలోని కొడవలి తీసి దాని తల తెగ్గొట్టాడు. లేచి నిలబడేలోగా బురుజు మీది యాళి ఒకటి రెక్కలు విదిల్చి మీదికి దూకింది. అతను చటుక్కున బండ చాటుకు దొర్లాడు. యాళి బండను ఢీకొని ముక్కలై, గలగలమంటూ లోయలోకి జారిపోయింది. గవ్వన్న ఊడివస్తున్న గడ్డాన్ని అదిమి పట్టుకుని, ఏమీ జరగనట్టు కోటగుమ్మం ముందు నిలబడ్డాడు.

గుమ్మంలో శూలం పట్టుకుని ఒక ముసలి కాపలావాడు కూర్చున్నాడు. ఎండకు కాలి నల్లబడిన ఒళ్ళు, నెరిసిన కనుబొమలు.

"ఎవర్నువ్వు?"

"పక్షివైద్యుణ్ణి. దొరగారి పెనుగూబకు గొంతు పడిపోయిందని విని వచ్చాను."

"లోపలికి పో. దొర రాత్రంతా మంత్రాలు చదివి ఇప్పుడే పడుకున్నాడు. గూబను లేపినా లేపు గానీ దొరను మాత్రం లేపకు. నీకూ మంచిది కాదు, నాకూ మంచిది కాదు."

గవ్వన్న తలూపి గడప మీద కాలు పెట్టాడు. అప్పుడే ఆ పొరపాటు జరిగింది. ఎప్పుడో పసితనంలో తండ్రి ఎత్తుకుని నేర్పిన చెయ్యి, ఇన్నేళ్ళుగా గోనెపట్టాల కింద మరిచిపోయిందనుకున్న చెయ్యి, దానంతట అదే పైకి లేచింది. రెండు వేళ్ళు గుమ్మం పైపట్టెను తట్టాయి. టక్ టక్.

మరుక్షణం శూలం మొన అతని గొంతుకు ఆనింది.

"ఇప్పుడేం చేశావు?"

"ఏం లేదు తాతా. చెక్క పుచ్చిపోయిందేమో అని..."

"రెండు వేళ్ళతో తట్టావు. అబద్ధం ఆడకు." ముసలివాడు మొహంలో మొహం పెట్టి చూశాడు. "ఎవరి బిడ్డవిరా నువ్వు?"

ఆ మాట తీరు నీలిలంకది. గవ్వన్న మేకగడ్డం పీకి అవతల పారేశాడు.

"గవ్వల రేవు పగడమ్మ కొడుకుని."

"పగడమ్మా?" ముసలివాడు శూలం కింద పడేశాడు. రెండు చేతులతో గవ్వన్న మొహం తడిమాడు. "రేవులో నా కాళ్ళకడ్డం పడే బుడ్డోడివా? ఇంత మానులా ఎదిగావేంట్రా! నేను తండేలు ఎర్రయ్యని. మీ నాన్న నా పడవలోనే వేటకొచ్చేవోడు."

పడవ నడిపే పెద్దను లంకలో తండేలు అనేవారు. ఎర్రయ్య తండేలంటే గవ్వన్నకు ఒక్కటే గుర్తు. వేట నుంచి రాగానే రేవులో మంట వేసి, పిల్లలందరికీ కాల్చిన పీతకాళ్ళు పంచేవాడు. వేడి ఊదుకుంటూ తినే ఆ పీతకాళ్ళ రుచి నాలుక మీదకి వచ్చి, అంతటి సరిహద్దు వీరుడూ ఏడ్చేశాడు.

"నేను తట్టిన చెక్క నీదేనా ఎర్రయ్య మామా?"

"నాదేరా. వాసన చూడు, ఇంకా పడవకు పూసిన గుగ్గిలం వాసనే." ముసలివాడు తలెత్తి చూశాడు. "దొర నా దగ్గర అది తీసుకుని ఇక్కడ బిగించాడు. అది ఈ గుమ్మం మీద ఉన్నంతకాలం నేనీ గడప దాటలేను. అలా కట్టేశాడు. అయినా నా ఇష్టంతోనే కట్టుబడ్డానులే. కాపలా కాస్తే లంకను మళ్ళీ పైకి తేలుస్తానని మాటిచ్చాడు. రా, చూపిస్తా."

లోపలి ముంగిట నిండుగర్భిణి పొట్టంత గుండ్రంగా ఒక కంచు గంగాళం ఉంది. దాని అంచుల చుట్టూ పగడాల పూత, నడుమున నీలాల నీళ్ళు. నీళ్ళ అడుగున తెల్లగా మెరుస్తూ మేఘశంఖం. పక్కనే ఇనుప కమ్మీ మీద ఏనుగంత పెనుగూబ కళ్ళు మూసుకుని, మెడ ఒక పక్కకు వాల్చి, దిగులుగా కూర్చుంది.

గవ్వన్న గంగాళంలోకి వంగాడు. అంతే, ఒళ్ళు మరిచాడు.

నీళ్ళలో నీలిలంక ఉంది. గవ్వల రేవు, ఎండకు ఆరేసిన వలలు, ఉప్పుచేపల తడికెలు, తెరచాప నీడలో పడుకున్న కుక్కలు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. వీధి మలుపులో తన ఇల్లు. పొయ్యి పొగ ఇంటి కప్పులోంచి లేస్తోంది. గుమ్మంలో పగడమ్మ, ఇప్పటి పగడమ్మ కాదు, జడలో మొగలిరేకులు పెట్టుకున్న పగడమ్మ, కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని సముద్రం వైపు చూస్తోంది. "అమ్మా" అని పిలిస్తే పలుకుతుందనిపించింది. గవ్వన్న పిలిచాడు కూడా.

"చూశావా? అన్నీ అలాగే ఉన్నాయి," అన్నాడు ఎర్రయ్య. అతని గొంతు మెత్తబడింది. "రోజూ చూసుకుంటాను. నువ్వు దేనికొచ్చావో నాకు తెలుసురా. శంఖం కోసమే. కానీ నీళ్ళలోంచి శంఖం తీశావంటే లంక చెదిరిపోతుంది. నిన్ను చూస్తే ప్రాణం లేచొచ్చింది, అయినా శంఖం తీయనివ్వను."

గవ్వన్న నీళ్ళలో తల్లి చెయ్యెత్తి గుమ్మం పైపట్టెను తట్టడం చూస్తున్నాడు. ఆ చెక్క మీద తండ్రి గీసిన నీలపు చేపబొమ్మ కూడా కనిపిస్తోంది. చూసి చూసి అతని మొహం రంగు మారింది.

"మామా, మా గుమ్మం మీద చెక్క ఉంది."

"ఉండక ఎక్కడికి పోతుంది?"

"అది మా అమ్మ తలకింద ఉంది. లంక మునిగేటప్పుడు గొడ్డలితో ఊడబీకి తెచ్చింది. నా కళ్ళారా చూశాను. సముద్రం అడుగున మా ఇల్లుంటే దాని గుమ్మం బోడిగా ఉండాలి." గవ్వన్న ముసలివాడి భుజం పట్టుకున్నాడు. "ఇది సముద్రంలోది కాదు మామా. మన తలల్లోది. మనం తెచ్చుకున్నదాన్నే తీసి మనకు చూపిస్తున్నాడు."

ఎర్రయ్య గంగాళంలోకి వంగాడు. తన ఇంటిని వెతికి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా తల తిప్పి కోటగుమ్మం మీదున్న తన చెక్కను చూశాడు. ఆ చెక్కే నీళ్ళలో తన ఇంటి గుమ్మం మీద కూడా ఉంది.

"రోజూ చూస్తున్నాను కదరా," అన్నాడు. "ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. చూడాలని లేక చూళ్ళేదు."

అతను నీళ్ళ మీద చేత్తో ఒకసారి నిమిరాడు, పడుకున్న బిడ్డ తల నిమిరినట్టు. ఆ తర్వాత తానే మోచేతి దాకా చెయ్యి ముంచి శంఖాన్ని బయటికి తీశాడు. వలలూ, వీధీ, మొగలిరేకులూ చెదిరి వట్టి నీళ్ళయ్యాయి. ఎర్రయ్య శంఖాన్ని గవ్వన్న చేతిలో పెట్టాడు.

"ఇక నడు నాయనా. నేనెటూ రాలేను."

"ఎందుకు రాలేవు? చెక్క ఊడితే రాగలవు కదా! కానీ కొండదారి పనికిరాదు, యాళులు మేలుకున్నాయి. ముందు రెక్కలు కావాలి," అంటూ గవ్వన్న పెనుగూబ ముక్కు రెండు చేతులా విప్పి లోపలికి చూశాడు. గొంతుకు అడ్డంగా మొసలి ఎముక ఒకటి గుచ్చుకుని ఉంది. చెయ్యి భుజం దాకా దూర్చి ఒక్క లాగు లాగాడు.

వైద్యం పనిచేసింది. మరీ ఎక్కువ పనిచేసింది. బాధ తీరిన ఆనందంలో పెనుగూబ కొండ దద్దరిల్లేలా అరిచింది. ఆ అరుపుకు మేడ మీద ఎక్కడో మంచం కిర్రుమంది.

"ఎవడ్రా అది!"

కిరీటం మరిచి, జుట్టు విరబోసుకుని, కళ్ళు నులుముకుంటూ అంజనకేతుడు మెట్ల మీదికి వచ్చాడు. శంఖం లేని గంగాళం చూడగానే నిద్ర వదిలింది. గాండ్రించి గుండెలు బాదుకున్నాడు. బాదుకున్న చోటల్లా పచ్చని పొగ చిమ్మింది. చూస్తుండగానే మనిషి ఆ పొగలో కలిసిపోయి, గుమ్మాల్నీ స్తంభాల్నీ కరిగిస్తూ పొగ కదిలింది.

గవ్వన్న శూలం అందుకుని పైపట్టె సందులో గుచ్చి, బలం కొద్దీ మీట వేశాడు. చెక్క కదిలింది. మళ్ళీ వేశాడు. శూలం విరిగింది, చెక్క ఊడింది. ఎర్రయ్య అది నేలను తాకనీయకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. వెనకనే గుమ్మమంతా పెళపెళమంటూ కూలిపోయింది. తండేలు ఎర్రయ్య ఇన్నేళ్ళకు ఆ గడప దాటి ఎండలో నిలబడ్డాడు.

"ఎక్కు మామా!"

పెనుగూబ గోడ దాటి వచ్చి ఇద్దర్నీ మోసుకుని గాలిలోకి లేచింది. చెక్క ఎర్రయ్య ఒళ్ళో, శంఖం గవ్వన్న జోలెలో. కింద అడవులు, గుట్టలు, పాడుబడిన కోటలు గిరగిరా తిరిగిపోతున్నాయి. పచ్చని పొగ వెంటపడుతూనే ఉంది. ఒకసారి తోక ఈకల్ని నాకింది, మరోసారి ఎడమ రెక్కను కాల్చింది. పొద్దు వాలేవేళకు దూరంగా శిలావతి సరిహద్దు ఏరు కనిపించింది. నీళ్ళు లేని ఏరు. ఇసుక నడుమ సరిహద్దు గుర్తుగా తెల్లరాళ్ళ వరుస. అవతలి గట్టున గడప లేనివాళ్ళ గుడిసెలు.

అక్కడిదాకా రాలేక పెనుగూబ ఇసుకలో కూలింది. గవ్వన్న ఎర్రయ్యను లేవదీసి పరుగు తీశాడు. తెల్లరాళ్ళు ఇంకో అడుగులో ఉన్నాయనగా ఎదురుగా విల్లులు వంగాయి. సైనికుల నడుమ దళవాయి కంఠీరవుడు గుర్రం మీద చెయ్యెత్తి నిలబడ్డాడు.

"ఆగు గవ్వన్నా! శంఖం తెచ్చావా?"

"తెచ్చాను దొరా!"

"మరి ఆ ముసలివాడెవడు? ముద్ర ఉందా?"

"లేదు."

దళవాయి మొహం బాధతో ముడుచుకుంది. "నీకు ముందే చెప్పాను కదయ్యా. వాణ్ణి అక్కడే వదిలి నువ్వొక్కడివే రా. ఈ సాయంత్రమే మీ గుడిసెకు వడ్రంగిని పంపిస్తాను. వాడితో కలిసి ఆ రాళ్ళు దాటావంటే నీకు గడపా లేదు, సేవా లేదు. బాణాలు వదలమని నేను చెయ్యి దించాల్సి వస్తుంది. నా చేత ఆ పని చేయించకు."

వెనక ఇసుక మీద పచ్చని పొగ పాకుతూ వస్తోంది. గవ్వన్న జోలెలోంచి శంఖం తీశాడు. ఇవతల ఊదితే పలకదు. పలకాలంటే రాళ్ళు దాటాలి.

"పో నాయనా," అన్నాడు ఎర్రయ్య అతని చెయ్యి విడిపించుకుంటూ. "మీ అమ్మ చెక్కకు గుమ్మం దొరుకుతుంది. నాకింకేం కావాలి? నువ్వు తట్టిన చప్పుడు విన్నాను, అది చాలు."

ఆ మాట వినగానే గవ్వన్నకు లంకలో సాయంకాలం గుర్తొచ్చింది. ఒక్క గుమ్మం పలకకపోయినా వడ్డన మొదలుపెట్టని వీధి గుర్తొచ్చింది. అతను మళ్ళీ ముసలివాడి చెయ్యి పట్టుకున్నాడు.

"దొరా! ఇతను పరాయివాడు కాడు. మా ఇంటివాడు."

"గడప లేనివాడివి, నీకు ఇల్లెక్కడిది? ఇంటివాడెక్కడివాడు?"

గవ్వన్న ఎర్రయ్య చేతుల్లోని చెక్కకు ఒక కొస తాను పట్టుకుని, రెండో కొస అతని చేత ఎత్తించి, ఇద్దరి తలల మీద అడ్డంగా నిలిపాడు. సరిహద్దు రాళ్ళ మీద, ఎండిన ఏటి నడుమ, తలుపూ గోడా లేని ఒక గుమ్మం లేచింది. గవ్వన్న శంఖం చంకలో ఇరికించుకుని చెయ్యెత్తి రెండు వేళ్ళతో తట్టాడు. టక్ టక్.

"పడవా, వచ్చాం," అని ఇద్దరూ ఒక్కసారే రాళ్ళు దాటి శిలావతి మట్టి మీద కాలు పెట్టారు.

వింటినారులు చెవుల దాకా సాగాయి. గవ్వన్న శంఖాన్ని పెదవులకు ఆనించాడు. ఎత్తిన దళవాయి చెయ్యి ఇంకా దిగలేదు. సరిగ్గా అప్పుడే గట్టు మీది గుడిసెల్లోంచి, గోనెపట్టా తోసుకుని, చూపు ఆనని ఒక ముసలమ్మ తడుముకుంటూ బయటికి వచ్చింది. ఆ చప్పుడు వచ్చిన వైపు చెవి ఒగ్గింది.

"గవ్వా! వచ్చావురా? నీతో ఇంకెవరో వచ్చారు, ఎవర్రా?" అని కేకేస్తూ పగడమ్మ తన తల మీద ఏమీ లేని గాలిలోకి రెండు వేళ్ళెత్తింది.